ఈ పాట ఎవరిని అడుగుతున్నది?



మాది స్టేషన్ ఘన్‌పూర్. భూపాలపల్లి దిక్కు కోటగుళ్ళున్న ఘనపురం వేరు, మాది వేరు. మా ఊరికి రైల్వేస్టేషనే ఇంటిపేరు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు పోయే లైన్ మీద, జనగామ దాటినంక వస్తుంది. 1993 నుంచి మూడేళ్ళు నేను పొద్దున ప్యాసింజర్ ఎక్కి హనుమకొండలో డిగ్రీ చదువుకు పోయి, పొద్దుమీకి మళ్ళీ అదే లైన్‌లో తిరిగొచ్చేవాణ్ణి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రైలు తలుపు దగ్గర విన్న రెండు పాటల గురించి. రెండూ సినిమాల్లో వచ్చినవే. ఒకటి మన తెలంగాణ పాట. రెండోది అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన రాక్ పాట.

నాతోపాటు రోజూ ఒక దోస్తు వచ్చేవాడు. ఒక్క వాడకట్టు కాదు గాని ఒకటే బడి, ఒకటే బెంచీ. వాని పేరు ఇక్కడ చెప్పను. వాళ్ళమ్మ ఉన్నది, ఆమెకు రేడియో వినే అలవాటున్నది. ఈ సంగతులు చెప్పుకుంటానని ఆమెను అడిగి, సరేనన్నాకే ఈ మైకు ముందు కూర్చున్నాను. వాళ్ళ నాయిన డప్పు కొట్టేవాడు. ఆయన చేతుల్లో ఉన్నదే వీని వేళ్ళలోకీ దిగింది. టిఫిన్ డబ్బా మూత దొరికినా, రైలు తలుపు రేకు దొరికినా ఆ వేళ్ళు ఊరుకునేవి కావు. పెండ్యాల దగ్గర బండి నిదానమైందంటే చాలు, వాడు గొంతెత్తి ‘బండెనక బండి కట్టి’ అందుకునేవాడు. పాల క్యాన్లవాళ్ళు, కూరగాయల గంపలు పెట్టుకున్న అమ్మలు, కాలేజీ పిల్లలు, ఎవరికి వాళ్ళు వంత పాడేవాళ్ళు. ఆ పాట నేర్చుకున్నామని మాలో ఎవరం చెప్పలేం. అది గాలిలో ఉండేది.

ఆ పాట రాసింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ మనిషి. ఈ పోరాటం మాకు పుస్తకంలోని సంగతి కాదు. దొడ్డి కొమరయ్య తూటా తగిలి నేలకొరిగిన కడవెండి మా జిల్లాలోనే ఉన్నది. అది 1946 జులై 4. చాకలి ఐలమ్మ పంట కోసం కొట్లాడిన పాలకుర్తి మాకు పక్క మండలం. ఆమె ఎదిరించిన విస్నూరు దేశ్‌ముఖ్‌కు 40 ఊళ్ళలో 40 వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాట చరిత్రలో రాశారు. సూర్యాపేట దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికైతే లక్షన్నర ఎకరాలు. యాదగిరి పాట మొదట ఆ ప్రతాపరెడ్డినే పేరు పెట్టి పిలిచింది. తర్వాత్తర్వాత నిజాం సర్కారును పిలిచింది. ఎవరిని పిలిచినా పాట పని ఒక్కటే. ఎదురుగా నిలబెట్టి అడుగుతుంది. ఇన్ని బండ్లు కట్టుకున్నవు గదా, ఇంక ఎందులో ఎక్కి ఎటు పోతవు అని నిలదీస్తుంది. అందులో బతిమాలడం లేదు, మొక్కడం లేదు. ఒక్క ప్రశ్నే ఉన్నది.

1979లో ‘మా భూమి’ తయారైంది. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల దానికి ఆధారం. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్, ఆయనకు అది మొదటి కథాచిత్రం. ఆ సినిమాలో ఈ పాట పాడింది గద్దర్. పాడటమే కాదు, తెర మీద కనిపించిందీ ఆయనే. భుజాన గొంగడి, చేతిలో కర్ర. మన సినిమాల్లో పాట ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. గొంతు ఒకరిది, పెదవులు ఇంకొకరివి. ఆ పద్ధతిలోనూ గొప్ప పాటలు వచ్చాయి, కాదనను. ఈ పాటకు మాత్రం ఆ పద్ధతి సరిపోయేది కాదు. ఊళ్ళు తిరిగి పాడిన మనిషే తెర మీదా పాడాలి. గౌతమ్ ఘోష్‌కు తెలుగు పరాయి భాష అయినా ఆ సంగతి అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా గుట్టల్లో, గూడేల్లో తిరిగిన పాట ఆ రీలుతో పట్నం టాకీసుల దాకా పోయింది. అక్కడి నుంచి క్యాసెట్లకెక్కి, టేపు రికార్డర్లలో తిరిగి, మా ప్యాసింజర్ బండిలోకి వచ్చింది.

ఇక రెండో పాట. మా చిన్నాయన కొడుకు వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగు చదివేవాడు. వాని హాస్టల్ గదిలో ఇంగ్లీషు పాటల క్యాసెట్లు అట్టపెట్టె నిండా ఉండేవి. ఒకసారి పండక్కి ఇంటికొస్తూ వాక్‌మన్, దాంతోపాటు ఒక క్యాసెట్ తెచ్చి వారం రోజులు నా దగ్గర పెట్టి పోయాడు. ఖాళీ క్యాసెట్ మీద ఎవరో నింపి ఇచ్చింది. మీద బాల్‌పెన్నుతో ఒక నంబరు తప్ప ఏమీ రాసి లేదు. పాట పేరు తెలియదు, పాడినవాళ్ళ పేర్లు తెలియవు. మేమిద్దరం రైలు తలుపు దగ్గర కూర్చుని, హెడ్‌ఫోన్‌ను వంచి చెరో చెవికి ఆనించుకుని విన్నాం.

ఒక పాట వచ్చింది. మొదట బేస్ గిటార్ ఒక్కటే. లోతుగా, బరువుగా, నాలుగడుగులు వేసి ఆగినట్టు, మళ్ళీ వేసినట్టు. దాని వెనక డ్రమ్ముల మోత. గిటార్ తర్వాత వచ్చింది. ఒక గొంతు కింది స్థాయిలో, తనలో తాను మాట్లాడుకున్నట్టు పాడింది. పల్లవికి వచ్చేసరికి రెండో గొంతు లేచింది. దాన్ని పాట అనాలో, గొంతు చించుకున్న ఏడుపు అనాలో తెలియలేదు. మూడున్నర నిమిషాల్లో అయిపోయింది. చివర్లో ఏదో అడిగి, జవాబు కోసం ఆగకుండా చటుక్కున తెగిపోయింది.

నేను మాటలు పట్టుకుందామని చెవి రిక్కించి కూర్చుంటే, నా దోస్తు వేళ్ళు తలుపు రేకు మీద ఆ బేస్ నడకను పట్టేశాయి. వానికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ పాటలో ఒక్క ముక్క కూడా వానికి తెలియదు. రెండోసారి తిప్పి విన్నాక అన్నాడు.

“ఇది సావు దరువురా. ఎవలో పోయిండ్రు.”

నేను నవ్వాను. “నీకేం తెలుసురా, అది ఇంగ్లీషు పాట,” అన్నాను. వాడు నవ్వలేదు. “మాటలు నాకు తెల్వయి. నడక తెలుస్తది. మా నాయిన కొడుతడు గదా,” అన్నాడు.

డప్పు సంగతి పల్లెల్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు గాని, పట్నం శ్రోతల కోసం రెండు మాటలు. డప్పును ఊరికే చేతపట్టి కొట్టరు. గడ్డి మంట వేసి, తోలును ఆ సెగకు చూపి, కాక పట్టిస్తారు. వేలితో తట్టి చూస్తారు. మెత్తగా పలికితే మళ్ళీ మంట దగ్గరికి. కణకణమని పలికితేనే మెడలో వేసుకుంటారు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. పెండ్లికి ఒక దరువు, బోనాలకు ఒక దరువు, చావుకు ఒక దరువు. కళ్ళు మూసుకుని విన్నా, ఏ వాడలో ఏం జరుగుతున్నదో ఊరికి తెలిసిపోతుంది. చావు ఇంటి ముందు మొదటి దెబ్బ పడ్డప్పుడు మాట్లాడుకునేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు. ఆ బేస్ గిటార్ ఒంటరిగా మొదలైనప్పుడు వానికి వినిపించింది ఆ మొదటి దెబ్బే.

ఆ పాట ఏమిటో నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. మా మేనల్లుడు ఉద్యోగానికి రెడ్‌మండ్ పోయాడు. సియాటిల్‌కు దగ్గరి ఊరు. ఇప్పుడు మన దిక్కు పిల్లలు ఆ ప్రాంతంలో బాగానే ఉన్నారు. అక్కడ ఏడాదిలో సగం రోజులు ముసురే మామా అని ఫోన్‌లో చెప్తుంటాడు. ఒకసారి మాటల్లో ఆ పాట సంగతి వస్తే నేను ఆ బేస్‌ను నోటితో పలికించాను. వాడు పట్టుకున్నాడు. ఆలిస్ ఇన్ చైన్స్ అనే బ్యాండు పాట, పేరు ‘వుడ్?’, పక్కన ప్రశ్న గుర్తు ఉంటుంది, ‘సింగిల్స్’ అనే సినిమా కోసం ఇచ్చారు అని చెప్పాడు. అప్పటి నుంచి నేను వదలలేదు. దొరికినదల్లా చదివాను, విన్నాను.

సియాటిల్‌లో ఆండ్రూ వుడ్ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. మదర్ లవ్ బోన్ అనే బ్యాండులో గాయకుడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నది. అప్పుడు, 1990 మార్చి 19న, హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. 24 ఏళ్ళు. ఆల్బమ్ ఆ జులైలో వచ్చింది, పాడినవాడు లేడు. ఆ చావుకు ఊరి పాటగాళ్ళంతా ఒక ఇంట్లో గుమిగూడారు. అక్కడికి వచ్చినవాళ్ళలో కామెరాన్ క్రో అనే దర్శకుడు కూడా ఉన్నాడు. సొంత ఊరు అంటే ఏమిటో ఆ రోజు ఆ మనుషులను చూసి తెలిసిందని, తన ‘సింగిల్స్’ సినిమాకు అదే ఊపిరి అని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. చావు ఇంటి ముందు చేరిన మనుషుల నుంచి ఒక సినిమా పుట్టింది. మనకు ఇది వింత కాదు. మన దగ్గర కూడా ఊరంతా ఒక్కచోట కూర్చునేది అప్పుడే.

చనిపోయినవాడు క్రిస్ కార్నెల్‌తో ఒకే ఇంట్లో ఉండేవాడు. కార్నెల్ సౌండ్‌గార్డెన్ బ్యాండు గాయకుడు. మిత్రుని కోసం పాటలు రాసి, మిగిలిన స్నేహితులను కూడగట్టి, 1991లో ‘టెంపుల్ ఆఫ్ ద డాగ్’ పేరుతో ఒక ఆల్బమ్ చేశాడు. వుడ్ బ్యాండులో మిగిలినవాళ్ళు ఇద్దరు ఎడీ వెడర్‌ను కలుపుకుని పెర్ల్ జామ్ మొదలుపెట్టారు. ఆలిస్ ఇన్ చైన్స్‌లో గిటార్ వాయించే జెర్రీ కాంట్రెల్ ‘వుడ్?’ రాశాడు. ఆ పేరును నోటితో పలికి చూడండి. ఇంగ్లీషులో అది ఒక ప్రశ్నకు మొదటి మాట, నువ్వైతే చేస్తావా అన్నట్టు. చెవికి మాత్రం చనిపోయినవాని ఇంటిపేరు వినిపిస్తుంది. కింది స్థాయిలో పాడిన గొంతు కాంట్రెల్‌ది. పల్లవిలో లేచిన గొంతు లేన్ స్టేలీది.

‘సింగిల్స్’ షూటింగు 1991లోనే అయిపోయింది. అప్పటికి ఈ రాక్ పాటలకు పెట్టిన గ్రంజ్ అనే పేరు సియాటిల్ దాటి ఎక్కువమందికి తెలియదు. ఆ సెప్టెంబర్‌లో నిర్వాణా బ్యాండు ‘నెవర్‌మైండ్’ వచ్చి ప్రపంచమంతా ఆ ఊరి వైపు తిరిగింది. మాసిన చొక్కాలు, గరగరలాడే గిటార్లు, మనసులోని చీకటిని దాచకుండా పాడే గొంతులు. మూలకు పడ్డ సినిమాకు అప్పుడు గిరాకీ వచ్చింది. పాటల ఆల్బమ్ 1992 జూన్ 30న ముందే వచ్చేసింది. సినిమా సెప్టెంబర్ 18న వచ్చింది. ‘వుడ్?’ అదే నెలాఖరున వాళ్ళ సొంత ఆల్బమ్ ‘డర్ట్’లోనూ చివరి పాటగా చేరింది. మరుసటి ఏడాది సినిమా పాటల వీడియోల విభాగంలో ఎంటీవీ అవార్డు దానికే దక్కింది.

నాకు అవార్డు కంటే పెద్దగా కనిపించిన సంగతి వేరే ఉన్నది. ఆ సినిమాలోనూ పాడినవాళ్ళే తెర మీద ఉన్నారు. ఆలిస్ ఇన్ చైన్స్ ఒక క్లబ్బులో నిలబడి వాయిస్తారు. కథలో ఒక నటుడు నడిపే బ్యాండులో అతని వెనక నిలబడ్డవాళ్ళు పెర్ల్ జామ్ సభ్యులే, వాళ్ళలో ఇద్దరు చనిపోయినవాని పాత సహచరులు. వుడ్ గొంతుతో ఉన్న మదర్ లవ్ బోన్ పాట కూడా ఆ ఆల్బమ్‌లో పెట్టారు. గొంగడి వేసుకున్న గద్దర్‌ను, ఆ పొడుగు జుట్టు పిల్లలను నేను పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. భాష వేరు, వాద్యం వేరు, కోపం వేరు. కానీ రెండుచోట్లా దర్శకుడు పాటకు సొంతదారును పక్కకు జరపలేదు.

నా దోస్తు ఇవేవీ వినలేదు.

డిగ్రీ అయ్యాక వాడు ఉద్యోగం కోసం కొన్నాళ్ళు తిరిగి, ఊళ్ళోనే ఆగిపోయాడు. కౌలుకు భూమి పట్టి పత్తి పెట్టాడు. 1997లో, 98లో మా వరంగల్ జిల్లా పత్తి రైతుకు ఏం జరిగిందో అప్పటి పత్రికలు చదివినవాళ్ళకు గుర్తుంటుంది. లద్దె పురుగు చేను మీద పడితే ఏ మందుకూ చావలేదు. మందు మీద మందు, అప్పు మీద అప్పు. ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్క కబురు వచ్చేది. ఒకరోజు మా ఊరి కబురు వచ్చింది. ఎట్లా పోయాడో నేను చెప్పను. పోయాడు.

వాళ్ళింటి ముందు డప్పు కొట్టింది వాళ్ళ నాయిన కాదు, ఆయన చేత కాలేదు. తోటివాళ్ళు కొట్టారు. మంట మీద కాక పట్టిస్తుంటే ఆయన ఒకసారి లేచి వచ్చి, ఒక డప్పును తట్టి చూసి, ఇంకా పలుకుతలేదని సైగ చేసి, మళ్ళీ పోయి కూర్చున్నాడు. లోపల వాళ్ళమ్మ శోకం పెట్టి ఏడుస్తున్నది. మన ఆడవాళ్ళ శోకాలు మీరు విన్నారు. అన్నీ ప్రశ్నలే. ఎవరికి చెప్పి పోయినవు కొడుకా, నన్ను ఎవరికి అప్పగించినవు, నీ అంగి ఎవరు తొడగాలె. జవాబు చెప్పాల్సినవాడు పడుకుని ఉన్నాడు. అయినా అడగడం ఆపరు. అడిగినంతసేపు వాడు అక్కడ ఉన్నట్టే.

పదో దినం కాకముందే ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. చదువుకున్నవానికి పత్తి ఎందుకు? మూడు వేలు వచ్చే చేతికి ఏడు వేల అప్పు ఎందుకు తెచ్చిండు? ధైర్యం లేనోడు. తల్లిదండ్రిని యాది చేసుకోనోడు. చాయ్ హోటల్లో కూర్చుని అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అందరూ నాకు తెలిసినవాళ్ళే. నేను కూడా ఒక రాత్రి, “నాకు ఒక్క మాట చెప్పలేకపోయినవారా,” అని వాని మీద కోపం పెంచుకున్నాను. అదీ తీర్పే.

‘వుడ్?’ గురించి చదువుతుంటే కాంట్రెల్ చెప్పిన ఇంకో సంగతి కనిపించింది. ఆ పాట ఆండ్రూ కోసమే కాదు, చనిపోయినవాళ్ళ మీద తీర్పులు చెప్పే మనుషుల కోసం కూడా అని. అప్పుడు ఆ చివరి ప్రశ్న ఎవరి వైపు తిరిగి ఉన్నదో నాకు తెలిసింది. పోయినవాణ్ణి కాదు, చాయ్ హోటల్లో కూర్చున్నవాణ్ణి అడుగుతున్నది. నన్ను అడుగుతున్నది. వాని జాగాలో నువ్వుంటే ఏం చేద్దువు? యాదగిరి పాట బండి ఎక్కబోయే దొరను నిలబెట్టి అడిగినట్టే, ఈ పాట విన్నవాణ్ణి నిలబెట్టి అడుగుతుంది.

ఆ ప్రశ్నను గొంతు చించుకుని పాడిన లేన్ స్టేలీకి కూడా ఆండ్రూకు పట్టిన మందే పట్టింది. 2002 ఏప్రిల్ 5న, తన ఇంట్లో, ఒంటరిగా చనిపోయాడు. 34 ఏళ్ళు. రెండు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. బేస్ వాయించిన మైక్ స్టార్ 2011లో పోయాడు. ఆ పాట ఇప్పుడు మొదలైతే, మొదటి నాలుగు అడుగులు వేసే చేయి లేదు, పల్లవి ఎత్తే గొంతు లేదు. రికార్డు మాత్రం అడుగుతూనే ఉన్నది.

మొన్న వానకాలం మా మేనల్లుడు ‘సింగిల్స్’ తీసిన పాత అపార్ట్‌మెంట్ ముందు నిలబడి ఫోటో పంపాడు. ఇటుక గోడలు, మధ్యలో చిన్న వాకిలి. ఆ ఫోటో చూపించుకుంటూ నేను నా దోస్తు వాళ్ళమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు ఇప్పుడు చూపు తగ్గింది, వినికిడి బాగున్నది. ఫోన్‌లో పాట పెట్టాను. బేస్ మొదలవగానే ఆమె చేయి మంచంపట్టె మీద కదిలింది. పాట తెగిపోయేదాకా విన్నది.

“గిది ఎవలు సచ్చిపోతే పాడిన్రు బిడ్డా?” అన్నది.

తల్లీకొడుకులిద్దరూ మొదటిసారి వినగానే అదే మాట అన్నారు. నేను చెప్పాను. ఆండ్రూ అని ఒక పిల్లగాడు, 24 ఏళ్ళు, మన వానిలెక్కనే పాటలు పాడేవాడు, దోస్తులు వాని మీద కట్టిన పాట ఇది అని.

“వాళ్ళమ్మ ఉన్నదా?”

ఆండ్రూ మీద 2005లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో వాళ్ళ ఇంటివాళ్ళు వాని గురించి చెప్పుకున్నారు. ఆ సంగతే చెప్పాను. అమ్మా, సినిమా తీసిన్రు, అందుల వాళ్ళమ్మ కూడా కొడుకు గురించి మాట్లాడింది అన్నాను.

ఆమె నా వైపు జరిగి, చెవి దగ్గరికి పెట్టింది.

“ఏమని మాట్లాడింది?”